కడుపులో కాపురం

రాత్రి ఏడున్నర అయింది. బడి వరండాలో లైటు వెలుగుతోంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చాప మీద కూర్చుంటున్నారు. మొదట్లో అందరి చేతుల్లో పలకలు ఉండేవి. ఇప్పుడు పుస్తకాలు ఉన్నాయి. గొర్రెల తాత కూడా వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. తాతకు చూపు ఆనదు. ఎవరైనా పైకి చదివితే వింటాడు. మధ్య మధ్యలో ప్రశ్నలు వేస్తాడు.

ఆ రోజు నర్సమ్మ కూడా ఉంది. పక్క వాడలో బాలింతను చూసి పోతూ ఆగింది.

అందరి తరువాత పాప తల్లి వచ్చింది. చంకలో నాలుగేళ్ల పాప. తల్లికి ఇప్పుడు ఐదో నెల. వరండా మెట్లు నాలుగే. ఆ నాలుగు ఎక్కేసరికే ఆమెకు ఆయాసం వచ్చింది. పాపను దించి, కాసేపు గోడ పట్టుకుని నిలబడింది.

"నర్సమ్మా, నువ్వున్నవని తెలిసి ఉరికొచ్చిన. పొద్దున పాప దొడ్డికి కూర్చుంటే పాము లాంటిది పడింది. జానెడు పొడుగున్నది. నాకు కాళ్లు చేతులు ఆడలేదు."

"ఎట్లున్నది? తెల్లగనా, ఎర్రగనా?"

"పాలల్ల కుంకుమ కలిసినట్టు ఉన్నది. వానపాము లెక్కనే ఉన్నది. కదులుతున్నది కూడ."

"భయపడకు చెల్లె. అది ఏలికపాము" అంది నర్సమ్మ.

చాప మీద అందరూ ఒక్కసారే మాట్లాడారు. "తీపి ఎక్కువ పెట్టి ఉంటవు. బెల్లం తింటే కడుపుల పురుగులు పుడతయి" అంది ఓ పెద్దవ్వ. "దిష్టి తగిలింది" అంది ఇంకొకామె.

"బెల్లంలకెళ్లి పురుగు పుట్టదు పెద్దవ్వా. పురుగుకు పురుగే తల్లి. గుడ్డులకెళ్లే వస్తది. ఆ గుడ్డు బయటి నుంచి పాప నోట్లెకు పోయింది. ఎట్ల పోయిందో తరువాత చెప్త" అంది నర్సమ్మ.

అప్పుడు గొర్రెల తాత గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట అడుగుత బిడ్డా. మనం మాంసం తింటం. తెల్లారేసరికి అరిగిపోతది. ఈ పురుగు కూడ మాంసమే గద. మన కడుపులనే ఉంటది. మరి అదెట్ల అరగకుండ ఉంటది?"

తాత బడికి పోలేదు. కానీ ఆయన అడిగిన ప్రశ్న చిన్నది కాదు. పెద్ద చదువులు చదివిన శాస్త్రవేత్తలు కూడా ఈ ప్రశ్న వేసుకున్నారు. ఏళ్ల తరబడి జవాబు వెతికారు.

అరగని పురుగు

మనం తిన్న తిండి ముందు పొట్టలోకి పోతుంది. అక్కడ ఘాటైన పులుపు రసం ఊరుతుంది. తరువాత చిన్న పేగులోకి పోతుంది. అక్కడ ఇంకొన్ని రసాలు కలుస్తాయి. ఈ రసాలు మాంసాన్నీ, పప్పునూ, అన్నాన్నీ కరిగిస్తాయి. కరిగిన సారం రక్తంలో కలుస్తుంది.

ఏలికపాము ఉండేది ఈ చిన్న పేగులోనే. అంటే కరిగించే రసాల మధ్యనే కాపురం. దానికి రెండు రక్షణలు ఉన్నాయి. దాని తోలు గట్టిది. పొరలు పొరలుగా ఉంటుంది. రసం సులువుగా లోపలికి దిగదు. ఇది మొదటిది. రెండోది ఇంకా తెలివైనది. మాంసాన్ని కరిగించే రసాలను పని చెయ్యనీయని పదార్థాలను ఆ పురుగు తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. తాళంలో పుల్ల ఇరికిందనుకోండి. తాళంచెవి ఉంటుంది, తాళం ఉంటుంది. కానీ తిరగదు. అలాగే మన రసం పురుగు చుట్టూ ఉంటుంది. దాన్ని మాత్రం కరిగించలేదు.

పురుగు బతికున్నంత కాలమే ఈ ఏర్పాటు. చచ్చిన పురుగు తాత చెప్పినట్టు ఉత్త మాంసమే.

ఇంకో చిక్కు ఉంది. పేగు ఊరికే ఉండదు. తిండిని ఎప్పుడూ కిందికి నెడుతూ ఉంటుంది. మరి పురుగు కొట్టుకుపోవాలి కదా? ఏలికపాముకు పట్టుకునే కొక్కెం లేదు. అది ఎదురీదుతుంది. వాగులో చేప నీటికి ఎదురు తిరిగి ఉన్నచోటే ఉండడం మీరు చూసే ఉంటారు. ఇదీ అంతే. ఒళ్లు పేగు గోడకు ఆనించి, వంకలు తిరుగుతూ ఉన్నచోటే ఉంటుంది. పేగులో గాలి దాదాపు ఉండదు. గాలి లేకుండా కూడా అది శక్తి తెచ్చుకోగలదు. తిండికి వెతుక్కునే పని లేదు. పొయ్యి మనది, వంట మనది. అరిగి సిద్ధమైన సారం దానిది.

ఆడ ఏలికపాము 20 నుంచి 35 సెంటీమీటర్ల పొడుగు పెరుగుతుంది. ఏడాది, రెండేళ్లు బతుకుతుంది. రోజుకు 2 లక్షల గుడ్ల దాకా పెడుతుంది. లెక్క తప్పు పడలేదు. రెండు లక్షలే.

"అమ్మో" అంది పాప తల్లి. పాపను దగ్గరికి లాక్కుంది.

కొరికి పట్టే పురుగు

నర్సమ్మ ఆమె కింది కనురెప్పను వేలితో కిందికి లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంది.

"కిందటి వారం పరీక్ష చేస్తే నీకు రక్తం 8 గ్రాములే వచ్చింది. కడుపుతో ఉన్నోళ్లకు 11 ఉండాలె. ఇనుము మాత్రలు వేసుకుంటున్నవా?"

"వేసుకుంటున్న. అయినా ఆయాసం పోతలేదు."

"పొలం పోయేటప్పుడు చెప్పులు వేసుకుంటవా?"

"నాటు వేసేటప్పుడు చెప్పులేంది నర్సమ్మా? బురదల కూరుకపోవా?"

"వేళ్ల సందుల దురద పెడతదా? చిన్న చిన్న పొక్కులు వస్తయా?"

"వానకాలం అందరికీ వస్తయి గద. బురద పుండ్లు అనుకున్న."

బురదలో పనిచేస్తే పుండ్లు పడడం నిజమే. కానీ ఆ దురద ఇంకొక దానికి గుర్తు కూడా కావచ్చు. దాని పేరు కొంకి పురుగు.

కొంకి పురుగు ఏలికపాము అంత ఉండదు. ఒక సెంటీమీటరు పొడుగు. దారం ముక్క లాంటిది. తల కాస్త వంగి ఉంటుంది. అందుకే ఆ పేరు. ఇది నోటితో రాదు, ఎక్కువగా కాలితో వస్తుంది. దాని పిల్లలు తడి మట్టిలో ఉంటాయి. కంటికి కనబడవు. ఉత్త కాలు తగిలితే చాలు, చర్మం తొలుచుకుని లోపలికి పోతాయి. అక్కడ దురద పెడుతుంది. అక్కడి నుంచి రక్తంలో పడి గుండెకు, గుండె నుంచి ఊపిరితిత్తులకు చేరుతాయి. ఊపిరితిత్తుల నుంచి గొంతులోకి పాకుతాయి. మనం గుటక వేస్తాం. అవి కడుపులో పడతాయి. ఏలికపాము పిల్లలు కూడా పేగులో పొదిగి, పేగు గోడ దాటి, ఇలాగే ఊపిరితిత్తులు తిరిగి మళ్లీ పేగుకే వస్తాయి. ఆ సమయంలో కొందరికి పొడి దగ్గు వస్తుంది. దగ్గు వచ్చిన ప్రతివాళ్లకూ పురుగులే అని మాత్రం అనుకోవద్దు.

కొంకి పురుగు ఎదురీదదు. పేగు గోడను నోటితో కొరికి పట్టుకుంటుంది. రక్తం తాగుతుంది.

నాటు వేసేటప్పుడు జలగ పట్టడం మీకు తెలుసు. జలగను పీకేశాక కూడా రక్తం చాలాసేపు కారుతుంది. ఎందుకు? జలగ తన నోటి నుంచి ఒక పదార్థం వదులుతుంది. అది రక్తాన్ని గడ్డ కట్టనియ్యదు. కొంకి పురుగు చేసేదీ అదే. ఒకచోట తాగి, వదిలి, పక్కకు జరిగి ఇంకోచోట కొరుకుతుంది. పాత గాయం కారుతూనే ఉంటుంది. బయటి జలగ కంటికి కనబడుతుంది. పీకి పారేస్తాం. లోపలి జలగను ఎవరు చూడాలి?

ఒక్క పురుగు తాగేది చుక్కలో సగానికన్నా కొంచెం ఎక్కువ. అంతే కదా అనిపిస్తుంది. నర్సమ్మ లెక్క చెప్పింది. "వంద పురుగులు ఉంటే రోజుకు దగ్గర దగ్గర 3 మిల్లీలీటర్ల రక్తం పోతది. నెలకు ఎంత?"

వెనక కూర్చున్న పిల్ల నోటుపుస్తకంలో గుణించింది. మూడు ముప్పైలు తొంభై.

"తొంభై మిల్లీలీటర్లు అంటే ఎంత?"

"హోటల్ల ఇచ్చే చిన్న టీ గ్లాసెడు" అంది నర్సమ్మ.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నెల నెలా ఒక గ్లాసు రక్తం. ఇదీ తక్కువ తాగే రకం లెక్క. ఇంకో రకం కొంకి పురుగు ఉంది. అది ఇంతకు ఐదు రెట్లు పైనే తాగుతుంది. ఇనుము మాత్ర ఒక పక్క నుంచి పోస్తుంటే, పురుగు ఇంకో పక్క నుంచి తోడుతుంది.

రక్తం తక్కువ కావడానికి పురుగులు ఒక్కటే కారణం కాదు. ఆకుకూర, పప్పు, గుడ్డు సరిగా అందకపోవడం పెద్ద కారణం. వెంట వెంట కాన్పులు ఇంకో కారణం. కానీ అసలే తక్కువ ఉన్న చోట పురుగు కూడా చేరితే, కాన్పులో కాస్త రక్తం పోయినా తల్లి తట్టుకోలేదు. బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. కనురెప్ప లోపల తెలుపు చూసి నర్సమ్మ మొహం మారింది అందుకే.

తాత తల ఊపాడు. "గొర్రెకు కూడ అంతే బిడ్డా. నట్టలు పడితే రెప్ప కింద తెల్లబడతది. దవడ కింద సంచి లెక్క నీరు దిగుతది. మంద ఎనక పడతది. అప్పుడు మేం నట్టల మందు తాపుతం. మనిషికీ గొర్రెకూ ఒకటే గుర్తు అన్నమాట."

కాపలా ఉన్నా దొంగ ఎలా ఉన్నాడు?

కాల్లో ముల్లు దిగితే చుట్టూ వాస్తుంది. చీము పడుతుంది. మన రక్తంలో తెల్ల కణాలు ఉంటాయి. అవి మన ఒంటికి కాపలావాళ్లు. బయటిది ఏది వచ్చినా మీద పడతాయి. చీము ఆ యుద్ధంలో చచ్చిన కాపలావాళ్లతోనే నిండి ఉంటుంది. మరి చిన్న ముల్లునే సహించని ఒళ్లు, జానెడు పురుగును ఎలా ఉండనిస్తోంది?

ఒకటి, పురుగు పెద్దది. సూక్ష్మజీవిని మింగినట్టు తెల్ల కణం పురుగును మింగలేదు. రెండు, పురుగు ఊరికే ఉండదు. కాపలావాళ్లను నెమ్మదింపజేసే పదార్థాలు విడుదల చేస్తుంది. దొంగ ముందు రోజే వచ్చి కుక్కకు ముద్ద వేసి మచ్చిక చేసుకున్నట్టు. కుక్క ఉంటుంది, కానీ మొరగదు. అందుకే పురుగులున్న మనిషికి చాలాసార్లు జ్వరం రాదు. నొప్పి కూడా రాదు. నీరసం, ఆకలి మందగించడం, చదువు మీద ధ్యాస లేకపోవడం, ఇంతే. దాన్ని మనం బద్ధకం అంటాం. పిల్లల్ని కొడతాం కూడా.

"మరి మనల్ని చంపదెందుకు?" అని అడిగింది ఒకామె.

"గొర్రె చస్తే నట్ట కూడ చస్తది" అన్నాడు తాత.

అంతకన్నా బాగా చెప్పడం కష్టం. ఇల్లు నిలబడితేనే దానికి కాపురం. అందుకే చంపకుండా తింటుంది. అయితే లెక్క ఒక్కోసారి తప్పుతుంది. చిన్న పిల్లల కడుపులో ఏలికపాములు చాలా ఉంటే ఉండగా చుట్టుకుని పేగుకు అడ్డం పడతాయి. పొట్ట ఉబ్బి, మెలిపెట్టే నొప్పి వచ్చి, వాంతులు అవుతూ, దొడ్డికి రాకపోతే వాము నీళ్లు తాపుతూ కూర్చోవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

లోపల పెరగవు

పాప తల్లికి అసలు భయం వేరే ఉంది. నెమ్మదిగా అడిగింది.

"నర్సమ్మా, ఒకటి పడింది. రోజుకు రెండు లక్షల గుడ్లంటివి. అవన్నీ కడుపులనే పొదిగితే పాప ఏమైతది?"

"అక్కడనే ఉన్నది కిటుకు. ఏలికపాము గుడ్డు కడుపుల పొదగదు. కొంకి పురుగు గుడ్డు కూడ పొదగదు."

ఇది బాగా గుర్తు పెట్టుకోవలసిన సంగతి. కోడి గుడ్డుకు పొదుగు కావాలి. ఏలికపాము గుడ్డుకు మట్టి కావాలి. గుడ్లు దొడ్డితో బయటికి వస్తాయి. నీడ, తడి, వెచ్చదనం ఉన్న మట్టిలో రెండు మూడు వారాలు ఉంటే లోపల పిల్ల తయారవుతుంది. అప్పుడే అది మనకు ప్రమాదం. తాజా దొడ్డిలోని గుడ్డు మింగినా పురుగు కాదు. కొంకి పురుగు గుడ్డు మట్టిలో ఒకటి రెండు రోజుల్లో పొదుగుతుంది. వారం, పది రోజుల్లో కాలు తొలిచే పిల్ల అవుతుంది. తడి నేలలో మూడు నాలుగు వారాలు కాలు కోసం కాచుకుని ఉంటుంది. ఎండకు ఎండితే చస్తుంది. ఏలికపాము గుడ్డు అంత తేలిగ్గా చావదు. దాని పెంకు మందం. మట్టిలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు కూడా ఉంటుంది.

అంటే పాప కడుపులో పది పురుగులు ఉంటే, పది గుడ్లు విడివిడిగా బయటి నుంచి నోట్లోకి పోయాయన్నమాట. వాకిట్లో ఆడిన చేతులతో, కడగని ముల్లంగితో, జామకాయతో. లోపల ఒకటి పది కాదు. బయటి నుంచి ఒక్కొక్కటే వస్తుంది. రావడం ఆగితే, లోపల ఉన్నవి ఏడాది, రెండేళ్లలో ముసలివై చస్తాయి. లోపల పురుగు కోటలో రాజు. బయట దాని గుడ్డు దిక్కులేని బిడ్డ. కోట లోపల కొట్టడం కన్నా బయట దారి కొయ్యడమే మనకు చేతనైన పని.

"అందుకేనా బిడ్డా" అన్నాడు తాత. "మందు తాపి మళ్ల అదే చెరువు కింద తడి పచ్చికల మేపితే రెండు నెలలల్ల నట్టలు మళ్ల వస్తయి. గడ్డి మారిస్తేనే మంద నిలబడతది. మా అయ్య చెప్పేటోడు. ఎందుకో మాకు తెల్వకపోయేది."

ఒక్క పురుగు మాత్రం ఈ లెక్కకు కాస్త పక్కకు ఉంటుంది. సన్న తెల్ల దారం ముక్కల్లా ఉండే నులి పురుగు. అది రాత్రిపూట బయటికి వచ్చి పిల్లల ముడ్డి చుట్టూ గుడ్లు పెడుతుంది. పిల్లలు గోకుతారు. గుడ్లు గోళ్లలో చేరతాయి. కొన్ని గంటల్లోనే సిద్ధమవుతాయి. వేలు నోట్లో పెట్టుకుంటే మళ్లీ లోపలికే. మట్టితో పనే లేదు. దానికి గోరే మట్టి. అందుకే గోళ్లు కత్తిరించమని అంగన్వాడీ టీచరు అంతగా చెప్తుంది. పక్కబట్టలు ఉతకాలి. ఇంట్లో ఒకరికి ఉంటే అందరూ మందు వేసుకోవాలి.

గడియారం తెలిసిన పురుగు

అన్ని పురుగులూ దొడ్డి దారినే బయటికి రావు. బోదకాలు తెచ్చే పురుగు పేగులో ఉండదు. ఒంట్లో నీరు పారే సన్న కాలువల్లో ఉంటుంది. అయిదారేళ్లు బతుకుతుంది. దాని పిల్లలు బయటికి పోవాలంటే దోమ కుట్టాలి. ఆ దోమ రాత్రి కుడుతుంది. అందుకని పిల్ల పురుగులు పగలంతా ఊపిరితిత్తుల దగ్గరి రక్తనాళాల్లో దాగి ఉంటాయి. రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి ఎక్కువగా వస్తాయి. దోమ వచ్చే వేళకు సత్రం గుమ్మం దగ్గర నిలబడినట్టు!

"మా చిన్నప్పుడు నడిరాత్రి లేపి వేలు గుచ్చి రక్తం తీసుకపోయేటోళ్లు. పగలు రావొచ్చు గద అని తిట్టినం" అంది పెద్దవ్వ. పగలు తీస్తే పురుగు దొరకదు. అందుకే రాత్రి వచ్చారు. 2004 నుంచి చాలా జిల్లాల్లో ఏటా ఇంటింటికీ బోదకాలు మాత్రలు పంచింది కూడా ఇందుకే. ఆ మాత్రలు ఎక్కువగా రక్తంలోని పిల్ల పురుగులను చంపుతాయి. పెద్ద పురుగు ముసలిదై చచ్చేదాకా ఏటా వేసుకుంటూ ఉండాలి. ఒక ఏడు మింగి, రెండో ఏడు కిటికీలో పెడితే ఫలితం ఉండదు.

పెద్దవ్వ కాలి మచ్చ

"అయితే నా కాలు చూడు" అంటూ పెద్దవ్వ చీర కుచ్చెళ్లు కాస్త పైకి జరిపింది. చీలమండ పైన ముడతపడ్డ పాత మచ్చ ఉంది.

"నారి కురుపు. నాకు పెండ్లి కాకముందు వచ్చింది. కాలు మీద నిప్పు పెట్టినట్టు మండింది. పొక్కు పగిలి తెల్ల దారం బయటికి వచ్చింది. మా అమ్మ పుల్లకు చుట్టింది. రోజుకు ఇంత, రోజుకు ఇంత. తెంపితే కాలు పుచ్చుతదని ఊపిరి బిగబట్టి చుట్టేది. పంట కోతల టైముల నెల పైన మంచం మీదున్న."

చిన్నవాళ్లు ఎవరూ దాన్ని చూడలేదు. నారి పురుగు కథ వింటే ఆశ్చర్యం వేస్తుంది. దిగుడు బావి నీళ్లలో చుక్కంత నీటి పురుగులు ఉంటాయి. వాటి కడుపులో నారి పురుగు పిల్లలు. ఆ నీళ్లు తాగితే మన కడుపులో పడతాయి. పేగు దాటి ఒంట్లోకి పోతాయి. ఆడపురుగు ఏడాది పాటు లోపలే పెరుగుతుంది. మీటరు దాకా పొడుగవుతుంది. అంత పొడుగు పురుగు ఒంట్లో తిరుగుతున్నా మనిషికి తెలియదు! ఏడాది తరువాత కాలి దగ్గర చర్మం కిందికి వచ్చి మంట పుట్టిస్తుంది. మంట ఎందుకు? మనిషి ఏం చేస్తాడు, కాలు తీసుకుపోయి చల్లటి నీళ్లలో పెడతాడు. పురుగుకు కావలసింది అదే. నీళ్లు తగలగానే లక్షల పిల్లలను వదులుతుంది. మనిషే దాన్ని నడిపించుకుని బావి దగ్గరికి తీసుకుపోతాడు.

ఈ పురుగును చంపే మందు లేదు. టీకా లేదు. అయినా మన దేశంలో అది లేకుండా పోయింది. 1983-84లో దాన్ని నిర్మూలించే కార్యక్రమం మొదలైంది. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఏడు రాష్ట్రాల్లో ఈ జబ్బు ఉండేది. ఆరోగ్య కార్యకర్తలు ఊరూరా తిరిగారు. నీళ్లు గుడ్డతో వడకట్టుకుని తాగమన్నారు. దిగుడు బావుల్లోకి దిగకుండా గట్టు కట్టి, చేదబావులు చేశారు. చేతి పంపులు వేశారు. నీళ్లలో మందు కలిపారు. కురుపు ఉన్నవాళ్లను నీళ్లలో కాలు పెట్టనివ్వలేదు. 1996 జూలైలో రాజస్థాన్‌లో కనబడిందే చివరి కేసు. 2000 సంవత్సరంలో భారతదేశంలో నారి కురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరిచింది. 1986లో ప్రపంచం మొత్తం మీద 35 లక్షల మందికి ఉండేదని లెక్క. 2023లో 14 మందికే వచ్చింది. అదీ ఆఫ్రికాలో. అక్కడ కొన్ని చోట్ల కుక్కల్లో కూడా ఉంది. అందుకే ఇంకా పూర్తిగా పోలేదు.

"గుడ్డ ముక్కతోనేనా?" అంది పాప తల్లి.

"గుడ్డ ముక్క, బావి గట్టు. ఒంట్ల ఉన్న పురుగును ఎవరూ ఏం చెయ్యలేదు. దాని దారి కోసిన్రు" అంది నర్సమ్మ.

పిడకల గది

నర్సమ్మ సంచి తీసింది. "పాపకు ఆల్బెండజోల్ మాత్ర. రెండేళ్లు నిండినయి కాబట్టి నిండు మాత్ర, 400 మిల్లీగ్రాములది. ఏడాది నుంచి రెండేళ్ల లోపు అయితే సగమే. బాగ నమిలి మింగాలె. చిన్నోళ్లకు పొడి చేసి నీళ్లల్ల కలిపి ఇయ్యాలె, లేకుంటే గొంతుల అడ్డం పడతది."

ఈ మాత్ర పురుగును చక్కెర పీల్చుకోనివ్వదు. తిండి మధ్యలోనే ఉండి పురుగు ఆకలితో చస్తుంది. వెంటనే కాదు, రెండు మూడు రోజులు పట్టవచ్చు. చాలాసార్లు పురుగు ముక్కలై పోతుంది, కంటికి కనబడదు. "మాత్ర వేశాం, పురుగు పడలేదు, మందు ఉత్తదే" అనుకోవద్దు. 2015 నుంచి ఫిబ్రవరి 10న నులి పురుగుల దినం పేరుతో బళ్లలో, అంగన్వాడీల్లో ఒకటి నుంచి 19 ఏళ్ల వాళ్లకు ఇచ్చేది ఈ మాత్రే.

"నాకు?" అంది పాప తల్లి.

"మొదటి మూడు నెలలల్ల ఇయ్యం. నీకు ఐదో నెల కాబట్టి ఇయ్యొచ్చు. రేపు ఆరోగ్య కేంద్రానికి రా. డాక్టరమ్మ చూసి ఇస్తది. ఇనుము మాత్ర మానకు. టీతోని వేసుకోకు, నిమ్మకాయ నీళ్లతోని వేసుకో. మరి మీ ఇంట్ల మరుగుదొడ్డి కట్టిన్రు గద. వాడుతున్నరా?"

ఆమె తల దించుకుంది. పక్కామె చెప్పింది. "దాంట్ల పిడకలు పెట్టిన్రు నర్సమ్మా. వాళ్లదే కాదు, మా వాడకు నాలుగిండ్లల్ల అంతే."

"నల్లా రెండు రోజులకోసారి వస్తది. తాగనీకి, వండుకోనీకే సాలవు. దొడ్డికి బిందెలు ఎవరు మొయ్యాలె? నేను మొయ్యాలె. ఈ కడుపుతోని" అంది పాప తల్లి. ఆమె గొంతులో కోపం ఉంది.

నర్సమ్మ వెంటనే ఏం అనలేకపోయింది. ఆ కోపం న్యాయమైనదే. మరుగుదొడ్డి కట్టినట్టు కాగితాల మీద ఉంది. నీళ్ల మాట ఆ కాగితంలో లేదు. కాళ్లకు చెప్పులు వేసుకో, చేతులు సబ్బుతో కడుక్కో, మరుగుదొడ్డి వాడు అని చెప్పడం తేలిక. నీళ్లు మోసే చేతులు ఎవరివో కూడా చూడాలి.

"ఇది పంచాయతీల అడగాల్సిన మాట" అంది చివరికి. "నోటితోని అడిగితే గాలికి పోతది. రాసి ఇయ్యుండ్రి. రాసుడు వచ్చు గద ఇప్పుడు."

ఒక్క నిమిషం అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనక కూర్చున్న పిల్ల లెక్క చేసిన పేజీ తిప్పి, కొత్త పేజీ తీసింది. "ఎవరికి అని రాయాలె?"

"సర్పంచి గారికి అని పెట్టు" అన్నాడు తాత.

ఆ రాత్రి చదవవలసిన పాఠం చదవలేదు. అర్జీ రాయడానికే గంట పట్టింది. "మరుగుదొడ్డి" అనే మాట దగ్గర కాస్త తడబడ్డారు. పాప చాప మీదే నిద్రపోయింది. కింద తొమ్మిది సంతకాలు పడ్డాయి. తాత వేలిముద్ర వేశాడు.

తెల్లవారి నర్సమ్మ అటు నుంచి పోతుంటే పాప తండ్రి కనబడ్డాడు. మరుగుదొడ్డిలోంచి పిడకల బస్తాలు బయటికి మోస్తున్నాడు. వాకిట్లో నీళ్ల డ్రమ్ము ఒకటి కొత్తగా ఉంది. "వాన వస్తే ఇవన్నీ యాడ పెట్టాలె?" అని గొణుగుతున్నాడు. బస్తాలు మాత్రం మోస్తూనే ఉన్నాడు.

మాట్లాడుకుందాం

మీ ఊళ్లో నారి కురుపు చూసిన పెద్దవాళ్లు ఉన్నారా? వాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది నాలుగు వాక్యాల్లో రాయండి. పది పురుగులు ఉంటే పది గుడ్లు బయటి నుంచి వచ్చాయని నర్సమ్మ ఎందుకు చెప్పింది? మీ వాడలో ఎన్ని మరుగుదొడ్లు ఉన్నాయి, ఎన్ని వాడుతున్నారు, వాడనివాళ్లు ఏ కారణం చెబుతున్నారు? లెక్క తీసి వచ్చే వారం తీసుకురండి.